చుట్టకుదురు కట్టిన స్టెన్ గన్

పెనుకొండ స్టేషన్లో దిగేసరికి ఉదయం ఏడున్నర. అరవై ఐదో సంవత్సరం, సెప్టెంబరు. మీటరు గేజి బండి, చెక్క బెంచీలు, రాత్రంతా కూర్చునే ప్రయాణం. నాతో ఇద్దరు సిపాయిలు, ఒక కిట్ బ్యాగు, తాళం వేసిన పొడుగాటి చెక్కపెట్టె. పెట్టెలో ఆరు స్టెన్ గన్లు. ప్లాట్‌ఫారం మీద నిలబడి తలెత్తితే కొండ. రాళ్ళ మీద అప్పుడే ఎండ పడుతోంది. గాలి ఆడడం లేదు. అంత పొద్దున్నే చొక్కా వీపుకు అంటుకుపోయింది.

యుద్ధమప్పుడు నువ్వు యాడ ఉండినావని మా అమరాపురంలో ఇప్పటికీ అడుగుతారు. పెనుకొండలో అంటాను. నవ్వుతారు. నవ్వనీ. కాశ్మీరం కొండల్లో మూడు చలికాలాలు గడిపిన వాణ్ణి, ఆ సంగతులు కావాలంటే అవీ చెబుతాను. కానీ నా సర్వీసులో నేను బాగా చేసిన పని ఏదంటే పెనుకొండ పనే. ఒక మనిషి భుజానికి ఒక తుపాకీని కుదర్చడం. ఇంతేనా అంటారు. ఇంతే. చివరిదాకా వినండి.

క్యాంపు కొండ కింద, స్టేషనుకు అర మైలు. పది గుడారాలు, ఒక వంటపాక, ఒక బావి. ఉన్నవాళ్ళు రెగ్యులర్ సిపాయిలు కారు. ఊళ్ళో ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ ఏడాదికి కొన్నాళ్ళు కవాతు చేసే మనుషులు. యుద్ధం రావడంతో అందరినీ పిలిపించి, ధర్మవరం నుంచి హిందూపురం దాకా రైలు వంతెనలు కాయమన్నారు. వాళ్ళకు ఆయుధం నేర్పడానికి నన్ను పంపారు. ఆయుధం నేర్పేవాణ్ణి పట్టాలంలో ఉస్తాద్ అంటారు. ఆ రోజు నుంచి నా పేరు ఉస్తాద్.

మా కెప్టెన్ సాబ్ మామూలు రోజుల్లో హిందూపురంలో ప్లీడరు. మంచి మనిషి. కోర్టు అలవాటు వల్ల ఏ ఆజ్ఞ ఇచ్చినా దానికి కారణం కూడా చెప్పేవాడు. మొదటి సాయంత్రం అందరినీ నిలబెట్టి చెప్పాడు.

"వంతెన మీదికి తెలియని మనిషి వస్తే మూడుసార్లు నిలవమని అరవాల. నిలవకపోతే కాల్చాల. నాలుగోసారి అరిచేది లేదు. ఎందుకంటే నాలుగోసారికి వాడు మీ మీదికి వచ్చి ఉంటాడు."

భయం అప్పుడు గాలిలోనే ఉంది. శత్రువులు పెద్ద గొడుగులేసుకుని ఆకాశం నుంచి మడకశిర దగ్గర దిగారని ఒక పుకారు. ఊరంతా కర్రలు పట్టుకుని చెరువు కట్ట వెంబడి తరిమితే చివరికి దొరికింది ఒక చింతపండు వ్యాపారి. ఆయన చేతిలో గొడుగు ఉన్న మాట మాత్రం నిజం.

మా కంపెనీలో ఎవరినీ సొంత పేరుతో పిలిచేవారు కాదు. ఊళ్ళో చేసే పనే పేరు. ఫోను దగ్గర కూర్చునేవాడు హిందూపురంలో అంగడి నడిపేవాడు, అందుకని కిరాణం. ధర్మవరంలో పట్టు చీరలు నేసే కుటుంబం నుంచి వచ్చినవాడు మగ్గం. ఈ కథ ఈ మగ్గానిది.

ఇరవై ఆరేళ్ళవాడు. పొట్టి మనిషి, చేతులు కురచ. మాట తక్కువ. కెప్టెన్ సాబ్ వాణ్ణి రెండో నంబరు పోస్టుకు స్టెన్ గన్ మనిషిగా ఎంచాడు. కారణం కూడా చెప్పాడు. వేల పోగుల్లో తెగిన ఒక్క పోగు పట్టుకునే కళ్ళు వాడివి, పొద్దున మంచులో అలాంటి కళ్ళే కావాలన్నాడు. కారణం బాగానే ఉంది. కానీ తుపాకీ కాల్చేది కళ్ళొక్కటే కాదు కదా.

స్టెన్ గురించి ఒక మాట చెప్పాలి. ఇనుప గొట్టాలు అతికించి చేసిన పొట్టి తుపాకీ అది. పొడవు మూరన్నర కంటే కొంచెం ఎక్కువ. రైఫిలుకు వెనక ఉండే చెక్క బట్టు దీనికి లేదు. భుజానికి ఆనించే వైపు సన్నటి ఇనుప ఊచ, దాని కొసన మూడు వేళ్ళ వెడల్పు ఇనుప పట్టీ. రైఫిలు తన్నుతుంది. స్టెన్ తన్నదు, పొడుస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే ముందు లోపలి ఇనుప దిమ్మె ముందుకు దూకుతుంది, ఆ తర్వాతే గుండు పేలుతుంది. ఆ రెంటి నడుమ రెప్పపాటులో మనిషి బెదిరితే గుండు చెట్టుకో పుట్టకో పోతుంది.

మొదటి పరీక్ష కొండ కింద మట్టిదిబ్బ దగ్గర. ముప్ఫై గజాల దూరంలో అట్ట బొమ్మ. పది గుండ్లకు ఏడు తగలాలి. మగ్గానికి తగిలింది రెండు. అందులో ఒకటి పక్కవాడి బొమ్మకు. పక్కవాడు చేతులు జోడించి, నీ పుణ్యమా అని నా లెక్క పెరిగిందప్పా అన్నాడు. అందరూ నవ్వారు. మగ్గం నవ్వలేదు.

కెప్టెన్ సాబ్ నన్ను పక్కకు పిలిచాడు. "రెండు వారాలు ఇస్తా ఉస్తాద్. అప్పటికీ కొట్టలేకపోతే ఇంటికి పంపించేస్తా. గురి లేనోన్ని వంతెన మీద పెట్టి, వాన్నీ చంపి, వంతెనా పోగొట్టుకోలేను."

న్యాయమైన మాటే. నేను అవునన్నాను.

సాయంత్రం బావి దగ్గర మగ్గం చొక్కా విప్పితే చూశాను. కుడి భుజం ఎముక మీద రేగ్గాయంత గడ్డ. చుట్టూ నల్లగా కమిలి ఉంది.

"ఇదేందప్పా?"

"చిన్నప్పుడు ఎద్దులబండి మీద నుంచి పడినా ఉస్తాద్. కట్టు కట్టినోడు వంకరగా కట్టినాడు. చెయ్యి బాగానే ఆడతాది. డాక్టరు కూడా చూసి పాసు చేసినాడు."

"నొప్పి అని ఎందుకు చెప్పలేదు?"

చేద లాగి, నీళ్ళు కాళ్ళ మీద పోసుకుని, అప్పుడు చెప్పాడు.

"చెప్తే ఇంటికి పంపిస్తారు. నేను పోలేను. వచ్చేటప్పుడు మగ్గం మీద చీర సగంలో ఉండాది. సగంలో వదిలి వచ్చినా. మా దాంట్లో ఒకరు మొదలుపెట్టిన పడుగు మీద ఇంకొకరు కూర్చోరు ఉస్తాద్. పోగును కొట్టే దెబ్బ మారుతాది. బట్టలో గీత మాదిరి కనబడుతాది. మా నాయన అన్న్యాడు, మగ్గం దిగి పోతాండావు, పో. ఆ పని ముగించుకోని రా. అదీ సగం, ఇదీ సగం చేసుకోని వస్తే మాత్రం నిన్ను మగ్గం గుంతలోకి దిగనీయను అని."

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. నేర్పేవాడికి ఇంతకంటే స్పష్టమైన ఆజ్ఞ ఏ ఆఫీసరూ ఇవ్వలేడు. ఆ రాత్రే అనుకున్నాను, వీణ్ణి ఇంటికి పంపేది లేదని. నేను అనుకుంటే చేస్తాను. గొప్ప చెప్పుకోవడం కాదు, అది నా స్వభావం.

మరునాడు ఖాళీ తుపాకీతో మొదలుపెట్టాం. మొదటి కొలత ఇది. బట్టు కొసను మోచేతి మడతలో పెట్టుకుని చెయ్యి చాపితే వేలు ట్రిగ్గరుకు అందాలి. మగ్గానికి రెండు వేళ్ళు తక్కువైంది. అంటే తుపాకీ వాడికి పొడుగు. రెండోది, కళ్ళు మూసుకుని తుపాకీ భుజానికెత్తి, అప్పుడు కళ్ళు తెరవాలి. గురి దానంతటది కంటి ముందు ఉండాలి. మెడ వంచి వెతుక్కోకూడదు. మగ్గం కళ్ళు తెరిస్తే ప్రతిసారీ వాడికి కనబడేది కొండ మీద కోట బురుజు.

"తుపాకీని చెంప దగ్గరికి తెచ్చుకోవాల. చెంపను తుపాకీ దగ్గరికి మోసుకుపోగూడదు," అన్నాను.

"తెచ్చుకుంటే ఎముక మీద కూర్చుంటా ఉండాది ఉస్తాద్."

అదీ అసలు చిక్కు. ఎముక మీదికి రాకుండా మెత్త పెట్టాలి. మెత్త పెడితే అప్పటికే పొడుగైన తుపాకీ ఇంకో వేలు పొడుగవుతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి. రెండు రోజులు అదే ఆలోచన. గుడ్డ మడతపెట్టి చూశాం, జారింది. గోనెసంచి ముక్క కట్టాం, గుచ్చుకుంది.

మూడో రోజు వంటపాక వైపు నీళ్ళు మోసే ఆవిడ బిందె నెత్తిన పెట్టుకుని వస్తోంది. బిందె కింద చుట్టకుదురు. గుడ్డను మెలిపెట్టి చుట్టిన వలయం, నడుమ ఖాళీ. నిండు బిందె బరువంతా ఆ వలయం మీద. నడినెత్తికి ఏమీ తగలదు. రోజూ చూస్తున్నదే. ఆ రోజు చూసినట్టు ఎప్పుడూ చూడలేదు.

ఎముక గడ్డ ఆ ఖాళీలో ఉండాలి. బరువు చుట్టూ పడాలి. మగ్గానికి చెప్పగానే వాడి మొహం వెలిగింది. నూలు పని కదా, ఇక నా అవసరం లేకపోయింది. ధర్మవరం నుంచి తెచ్చుకున్న సంచిలో తెగిన పట్టు పోగులు, నూలు పోగులు ఉన్నాయి. వాటితో వేలి మందం వలయం అల్లాడు. ఇనుప పట్టీకి కట్టాడు.

తర్వాత పొడుగు సంగతి. దానికి జవాబు కందకంలో దొరికింది. మట్టిదిబ్బకు ఎదురుగా ఎవరి గుంత వాళ్ళు తవ్వుకోమన్నాను. అందరూ నిలబడే గుంత తవ్వారు. మగ్గం తవ్వింది మగ్గం గుంత. అంచు మీద కూర్చుని కాళ్ళు లోపలికి వదిలేసే లోతు. మోకాళ్ళకు చోటు, పాదాలకు మెట్టు. ముందు ఇసుక మూటలు పొట్ట ఎత్తులో, నేసిన బట్ట చుట్టే దోనె ఉండే చోట.

"ఇదేం గుంత? చీర నేస్తావా ఈడ?" అన్నాను.

"నాకు ఇంకో గుంత తవ్వేది రాదు ఉస్తాద్."

పూడ్చమనబోయి ఆగాను. వాడు కూర్చున్న తీరు చూశాను. మా డ్రిల్లులో పక్కకు తిరిగి, ఎడమ భుజం ముందుకు పెట్టి నిలబడాలి. రైఫిలుకు అది సరి. వీడు ఎదురుగా కూర్చున్నాడు, రొమ్ము ముందుకు, రెండు భుజాలూ సమంగా ముందుకు వంచి. మగ్గం మీద పోగును అటూ ఇటూ నడిపే నాడె ఆడించే చేతులు అలాగే ఉంటాయి. ఆ కూర్చోవడంలో భుజం ముందుకొచ్చింది. ట్రిగ్గర్ దగ్గరైంది. పొడుగు అనుకున్న తుపాకీ సరిపోయింది. మోచేయి కొంచెం పైకెత్తమన్నాను. ఎత్తగానే భుజం కింద గుంట విచ్చుకుంది. వలయం అందులో కూర్చుంది.

కళ్ళు మూసుకో అన్నాను. మూశాడు. తుపాకీ ఎత్తు. ఎత్తాడు. తెరువు.

"ఏం కనబడుతాంది?"

"బొమ్మ," అన్నాడు. అని వెంటనే నా వైపు తిరిగి చూశాడు, తప్పు చెప్పలేదు కదా అన్నట్టు. నాకు ఆ నిమిషం కలిగిన సంతోషం మా పెద్దోడు పుట్టినప్పుడు కలిగిన దానికి ఒక పిసరు తక్కువ, అంతే.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. పరీక్షకు రెండు రోజుల ముందు మగ్గానికి వలయం వదులుగా ఉందనిపించింది. వంటాయన దగ్గర చిక్కటి గంజి అడిగి తెచ్చి, పోగులకు పట్టించి, ఎండలో ఆరబెట్టాడు. గట్టిపడి, నిగనిగలాడుతూ, చూడ్డానికి ముచ్చటగా తయారైంది. కంపెనీ అంతా వచ్చి చూసింది. నేనూ భేష్ అన్నాను.

పరీక్ష రోజు పొద్దున ఆయుధాల గుడారం తెరిస్తే ఆరు స్టెన్లూ వరుసగా ఉన్నాయి. ఐదో తుపాకీ బట్టు మీద వలయం సగమే ఉంది. మిగతా సగం ఎలుకల పొట్టలో.

వంటాయన నడుం పట్టుకుని నవ్వాడు. "అన్నం పూసి పెడితివి గదప్పా. తినకుండా మొక్కి పోతాయా?"

"మా ఇంట్లో పడుగుకు గంజి పెట్టకుండా పనే మొదలుపెట్టం," అన్నాడు మగ్గం, మొహం పాలిపోయి.

"మీ ఇంట్లో పిల్లి ఉండాదా లేదా?" అన్నాను.

"ఉండాది ఉస్తాద్."

"ఈడ లేదు."

పరీక్షకు గంట ఉంది. సంచిలో ఒకే ఒక్క పట్టు పోగు మిగిలింది. నా గుడారానికి పోయాను. నా మంచం సర్కారు మంచం, నవారుది. చాకు తీసి నడిమధ్య నుంచి నాలుగు మూరల నవారు కోశాను. నవారు అంటే తెలుసుగా, మనిషి బరువు ఏళ్ళ తరబడి మోసే నేత పట్టీ. ఎలుక కూడా ఆలోచించి కొరుకుతుంది. మగ్గం దాన్ని మెలిపెట్టి చుట్టాడు, మిగిలిన పట్టు పోగుతో బిగించి కట్టాడు. ముడి ఒక్కటీ తప్పలేదు. ఎర్ర పోగు, ఏదో చీర అంచుది.

పరీక్షలో వాడు తన గుంతలోనే కూర్చుని కాల్చాడు. పదికి ఎనిమిది. తొమ్మిదోది బొమ్మ చెవి పక్కన పోయింది. పక్కవాడి బొమ్మ జోలికి ఒక్కటీ పోలేదు. కెప్టెన్ సాబ్ వచ్చి తుపాకీ చేతికి తీసుకుని తిప్పి చూశాడు.

"ఏమప్పా ఉస్తాద్, ఇది రూల్లో ఉండాదా?"

"లేదు సార్. పోగు కోస్తే ఊడిపోతాది. తుపాకీకి ఒక గీత కూడా పడలేదు."

ఆయన భుజానికి ఆనించి చూసుకున్నాడు. ఒకసారి తీసి మళ్ళీ ఆనించాడు. "రూల్లో లేదు గానీ, వద్దని కూడా యాడా రాసిలేదు," అన్నాడు. ప్లీడరు ప్లీడరే. మరునాటికి మిగతా ఐదు తుపాకులకూ చుట్టకుదుర్లు వచ్చాయి. నా మంచంలో నడుమ నవారే మిగల్లేదు. ఆ డ్యూటీ అయ్యేదాకా నేల మీద గ్రౌండ్‌షీటు వేసుకుని పడుకున్నాను.

రెండో నంబరు పోస్టు పెనుకొండ దాటి దక్షిణంగా, ఒక వంక మీద వంతెన. వంక పేరు చెప్పను. ఎవరు అడిగినా చెప్పవద్దన్నారు, ఆ అలవాటు ఇంకా పోలేదు. రాతి స్తంభాలు, ఇనుప దూలాలు. దూలాల మీద అడ్డంగా స్లీపరు చెక్కలు. చెక్కకూ చెక్కకూ నడుమ ఖాళీ, కిందికి చూస్తే నీళ్ళు. మా గుంతలు ఉత్తరం కొసన, పట్టాల పక్కన కట్ట మీద. ఇసుక మూటల గోడ, పైన తాటాకు. ఐదుగురం. ఒక స్టెన్, నాలుగు రైఫిళ్ళు, ఒక ఫోను.

యుద్ధం ఆగిందన్నారు గానీ వంతెనల కాపలా తీయలేదు. అక్టోబరులో వానలు పట్టుకున్నాయి. మామూలుగా ఇసుక తప్ప ఏమీ లేని వంక ఎర్రగా పారింది. బూట్లు ఆరేవి కావు. నవంబరు వచ్చేసరికి పొద్దున మంచు. సూర్యుడు పైకొచ్చేదాకా వంతెన అవతలి కొస కనబడేది కాదు. క్యాంపులో ఫోను దగ్గర కూర్చున్న కిరాణం గంటకోసారి పలకరించేవాడు.

"రెండో నంబరు, సరుకేమన్నా వచ్చిందా?"

"ఏమీ లేదు. మంచు ఉండాది."

"మంచు మాకొద్దు, వాపసు పంపించు."

ఇలా నెలన్నర గడిచింది. మగ్గం రోజూ తెల్లవారుజాము డ్యూటీ అడిగి తీసుకునేవాడు. మగ్గం మీద కూర్చునే వేళ అదేనట. భుజం మీద నలుపు పోయింది. తుపాకీ ఎత్తి అరగంట పట్టుకోమన్నా పట్టుకునేవాడు. నేను పందెం కట్టి చూశాను, గెలిచాడు.

ఆ రోజు రాత్రంతా వాన. తెల్లవారాక ఆగింది. ఆరున్నర. మంచు దట్టంగా ఉంది. కింద వంక హోరు. పెనుకొండ వైపు నుంచి హిందూపురం పోయే ప్యాసింజరు ఇంకాసేపట్లో రావాలి. మగ్గం తన గుంతలో, నేను వాడి వెనక కట్టకు ఆనుకుని.

మగ్గం మెడ నిటారుగా అయింది. "ఎవరో వస్తా ఉండారు ఉస్తాద్. అవతల నుంచి. పరుగు."

నాకేమీ కనబడలేదు. కాసేపటికి మంచులో ఒక నల్లటి ఆకారం. వంతెన మీద, పట్టాల నడుమ, నేరుగా మా మీదికే. భుజం మీద పొడుగ్గా ఏదో ఉంది. రైఫిలంత పొడవు.

మగ్గం తుపాకీ ఎత్తాడు. దిమ్మె వెనక్కి లాగిన చప్పుడు విన్నాను.

"నిలువు!" అని అరిచాను. నిలవలేదు.

రెండోసారి అరిచాను. పరుగు తగ్గలేదు. రైలు పట్టాలు రోజూ నడిచి చూసే కీమ్యాన్ మాకు తెలుసు. కానీ అతను ఎనిమిది దాటాక, పెనుకొండ వైపు నుంచి నడిచి వస్తాడు. అటు నుంచి, ఈ వేళకు, పరుగెత్తి ఎవరూ రారు.

మూడోసారి అరిచాను. ఆకారం వంతెన సగం దాటింది. ఇక మిగిలింది ఒకటే మాట. అది నా నోట్లో ఉంది.

అప్పుడు మగ్గం ఎడమ చేతి వేలు ఒకటి పైకి లేచింది. తుపాకీ వదలకుండా, ఒక్క వేలు. ఉండు అని.

ఉస్తాద్‌కు శిష్యుడు వేలు చూపించడమా అంటారు. నేను చూసింది వేలిని కాదు, గొట్టం కొసను. నా ముందు మూడు మూరల దూరంలో ఉంది. బెదిరినవాడి తుపాకీ కొస ఎలా ఉంటుందో నాకు తెలుసు, పదేళ్ళుగా చూస్తున్నాను. ఇది కదలడం లేదు. ఆ మనిషి రొమ్ము మీద నిలబడి, అతను దగ్గరయ్యే కొద్దీ అతనితోనే వస్తోంది. భుజం బాగున్నవాడికి తొందర ఉండదు. తొందర లేనివాడికి నాకు కనబడనిది ఏదో కనబడుతోంది. నోట్లో మాట మింగేశాను.

ఆ నాలుగు ఊపిర్లు ఎంత పొడుగో నేను చెప్పలేను. నా చెయ్యి నా రైఫిలు మీదే ఉంది.

ఇరవై గజాల్లో మొహం తేలింది. కీమ్యాన్. నీలం చొక్కా, మోకాళ్ళ దాకా బురద. భుజం మీద ఉన్నది పొడుగాటి స్పానరు. చంకలో చుట్టిన ఎర్ర జెండా. నోరు తెరిచి ఉంది గానీ మాట రావడం లేదు. మా గుంత దగ్గరికి వచ్చి పడ్డాడు.

"పట్టా ఇరిగింది," అన్నాడు. "అవతల. కట్ట కొట్టుకపోయింది. బండి... బండి నిలపండి."

రాత్రి బండిలోనే అతన్ని అవతలి స్టేషనుకు పంపి, వానకు కట్ట ఎలా ఉందో చీకటితోనే అటు నుంచి చూసుకుంటూ రమ్మన్నారట. ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. నేను ఫోను తిప్పాను. "కిరాణం, స్టేషనుకు పరిగెత్తు. బండి వదలొద్దను. పట్టా ఇరిగింది." కిరాణం ఈసారి సరుకు మాట ఎత్తలేదు. "బండి ఇప్పుడే పోయింది ఉస్తాద్," అన్నాడు.

కీమ్యాన్ లేవబోయి కాలు మడతపడి కూలాడు. జెండా మగ్గం లాక్కున్నాడు. లాక్కునే ముందు ఏం చేశాడో చెప్పాలి. గుండ్ల మ్యాగజైన్ తీసి, దిమ్మెను మెల్లగా ముందుకు వదిలి, తుపాకీని నా చేతిలో పెట్టాడు. నేను నేర్పిన వరుసలోనే. అప్పుడు పరిగెత్తాడు, ఉత్తరంగా, జెండా విప్పుకుంటూ. కీమ్యాన్ సంచిలో పట్టా మీద పెడితే చక్రం కింద పేలే బిళ్ళలు ఉన్నాయి. అవి ఇంకో సిపాయికిచ్చి వెనకే పంపాను.

బిళ్ళలు పేలిన చప్పుడు రెండుసార్లు వినబడింది. తర్వాత బ్రేకుల కీచు. ఇంజను మా పోస్టుకు ఉత్తరంగా రెండు ఫర్లాంగుల దూరంలో, మంచులో ఆవిరి వదులుతూ నిలబడింది. జనం దిగారు. హిందూపురం సంతకు పోయే కూరగాయల గంపలు, ధర్మవరం చీరల మూటలు, చంకన పిల్లలు. ఆలస్యమైందని ఒకాయన డ్రైవరును తిడుతున్నాడు. ఆ తిట్లు వింటుంటే నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. తిట్టడానికి మనిషి మిగిలాడు కదా అనిపించింది.

వంటాయన పంపిన టీ కీమ్యాన్ చేతికిచ్చాను. అడిగాను. "మూడుసార్లు నిలవమంటిమి గదన్నా. నిలవకపోతే కాలుస్తామని నీకు తెల్దా?"

"తెలుసు సామీ. ఇనబడింది కూడా." ఒక గుక్క తాగాడు. "నేను నిలిస్తే బండి నిలవదు గదా. మీరు కాలిస్తే ఆ చప్పుడుకన్నా డ్రైవరు ఆపుతాడు అనుకొంటి."

మామూలుగా చెప్పాడు. నేను ఆయన పక్కన కూర్చుండిపోయాను. మంచు కొండల్లో పతకాలు తీసుకున్న వాళ్ళను చూశాను. ఇలాంటి మాట అక్కడా వినలేదు.

మగ్గం తిరిగి వచ్చాక వాణ్ణీ అడిగాను, ఏం చూసి ఆగమన్నావని.

"కాళ్ళు చూసినా ఉస్తాద్. వంతెన మీద చెక్కల నడుమ సందులు ఉండాయి గదా. కొత్తోడైతే కిందికి చూసుకుంటా రావాల. ఆయన కిందికే చూడలేదు. కాలు చెక్క మీదే పడతా ఉండాది, ఒక్కటీ తప్పలేదు. మగ్గం మీద మేము కాళ్ళ కింద పలకలు చూసి తొక్కుతామా? పని తెలిసిన కాళ్ళు అవి. దొంగవి గాదు."

"మూడుసార్లు అయిపోయినాక కూడా చూస్తా ఉంటివే."

"భుజం నొయ్యలేదు. ఇంకొంచేపు చూడొచ్చు అనిపించింది."

జనవరి చివర మమ్మల్ని వెనక్కి పిలిచారు. తుపాకులు ఇచ్చింది ఇచ్చినట్టు అప్పగించాలి. మగ్గం ఎర్ర పోగు తెంపి చుట్టకుదురు తీసి జేబులో పెట్టుకున్నాడు. స్టోరు చూసేవాడు నా మంచం దగ్గర ఆగి, దీని నవారు యాడ పోయింది ఉస్తాద్ అన్నాడు. వంతెన కాడికి డ్యూటీకి పోయింది అన్నాను. వాడికి అర్థం కాలేదు. కెప్టెన్ సాబ్‌కు అర్థమైంది, సంతకం పెట్టేశాడు.

రిటైరయ్యాక ఒకసారి ధర్మవరం పోయాను. మగ్గం ఇంట్లో వాళ్ళ నాయన వరండాలో పట్టు పోగులు మేకుల చుట్టూ తిప్పుతూ ఆసు పోస్తున్నాడు. నన్ను చూసి లేచి, మంచం వాల్చాడు. వీడు తిరిగొచ్చేదాకా ఆ సగం చీర మీద గుడ్డ కప్పి పెట్టాడట, ఎవరినీ ముట్టనీయలేదట. "దెబ్బ మారలేదు సామీ. యాడ వదిలిపెట్టినాడో నాకే కనబడలేదు," అన్నాడు. కోడలు మంచినీళ్ళు ముంచి ఇచ్చింది. కుండ కింద చుట్టకుదురు, సర్కారు నవారుది. నేను దాన్ని చూడడం మగ్గం చూశాడు.

ఇప్పుడు నాకు చూపు మందగించింది. కాశ్మీరం మంచు చాలావరకు మరిచిపోయాను. ఈ మంచు మాత్రం పోదు. కళ్ళు మూసి తెరిస్తే, నేర్పినట్టే, అది నేరుగా కంటి ముందుకు వస్తుంది. వంతెన మీద ఒక మనిషి, కిందికి చూడకుండా పరుగెత్తుతూ, తన మీదికి గురిపెట్టిన గొట్టం వైపే వస్తున్నాడు. ఆ గొట్టం కొస కదలడం లేదు.